తప్పు చెప్పు పాఠము

కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయ మొదలిడిన విద్యార్థికి తొలినాళ్లలోనే ఒక చిక్కు ఎదురగును. వ్రాసినదంతయు సరిగానే యున్నట్లు తోచును. కాని యంత్రము పలుకదు. ఒకవేళ పలికినను కోరినది పలుకదు. అట్టి సమయమున కొందరు దిగులుపడి, ఈ విద్య తమకు అబ్బదని లేచిపోవుదురు. మరికొందరు ఎవరినో అడిగి, సిద్ధముగా నున్న జవాబును తెచ్చి తమ ప్రోగ్రాములో అతికించి, అది పనిచేయగానే సంతసింతురు. మొదటివారు విద్యను విడిచిపెట్టుచున్నారు. రెండవవారు ఫలమును మాత్రము పుచ్చుకొని విద్యను వాకిటనే వదలి వచ్చుచున్నారు. ప్రోగ్రాము వ్రాయ నేర్చువానికి తన తప్పును మించిన గురువు లేడు. ఆ గురువు చెప్పునది వినకయే ఆతని నోరు మూయించుట తగదు.

ఈ మాటలోని నిజమును గ్రహించుటకు నాదమును పుట్టించు ప్రోగ్రాములు మిక్కిలి యనుకూలమైనవి. 1957వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన మాక్స్ మాథ్యూస్ అను ఇంజనీరు ఐ.బి.యం. 704 అను కంప్యూటరుకొరకు ఒక ప్రోగ్రాము వ్రాసి, దానిచే 17 సెకనుల సంగీతమును పలికించెను. నాడు అది మహాయంత్రములు గల సంస్థలకే సాధ్యమైన పని. నేడు అట్టి పని ఒక సామాన్యమైన సెల్‌ఫోనులోని బ్రౌజరుతోనే నెరవేరును. 1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ పది దినములలో తొలిరూపము కల్పించిన జావాస్క్రిప్టు అను భాష నేడు ప్రతి ముఖ్యమైన బ్రౌజరునందును నెలకొని యున్నది. ఆ భాషతో నాదమును సృష్టించుటకు, కలుపుటకు, మార్చుటకు వలయు సామగ్రికి వెబ్ ఆడియో అని పేరు. దాని తొలి ముసాయిదా 2011లో వెలువడెను. వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు.త్రీ.సి. సంస్థ 2021వ సంవత్సరము జూను నెలలో దానికి తుది ఆమోదము నొసగెను.

ఈ సామగ్రి పనిచేయు తీరు చెరువు క్రింది సేద్యమును పోలియుండును. చెరువున నీరున్నట్లు ఆసిలేటరు అను భాగమున నాదము పుట్టును. చెరువునకు తూమున్నట్లు గెయిన్ అను భాగము ఆ నాదమును ఎంత విడువవలెనో అంతయే విడుచును. మడి నీటిని అందుకొన్నట్లు స్పీకరు నాదమును అందుకొనును. ఒకదానినుండి మరియొకదానికి కాలువ త్రవ్వు పనిని కనెక్ట్ అను ఆజ్ఞ చేయును. చెరువు నిండియున్నను, తూము తెరచియున్నను, కాలువ లేనిచో మడి తడియదు. ఈ పోలిక మనసున నాటుకొన్న విద్యార్థికి సగము చిక్కులు తామే విడిపోవును.

అంకెలతో లెక్కలు చేయు ప్రోగ్రాములో తప్పు దొరలినచో అది చాలకాలము కంటబడకుండ దాగియుండవచ్చును. నాదమునందు అట్లు కాదు. చెవి తత్‌క్షణమే పసిగట్టును. సెకనునకు 240 కంపనములు గల నాదమును షడ్జమముగా గ్రహించినచో, పంచమము దానికి ఒకటిన్నర రెట్లు, అనగా 360 అగును. తారాషడ్జమము రెట్టింపు, అనగా 480 అగును. శంకరాభరణరాగపు తక్కిన స్వరములను 270, 300, 320, 400, 450 అను సంఖ్యలతో పలికింపవచ్చును. ఈ ఎనిమిది సంఖ్యలను ఒక వరుసగా వ్రాసి, ఆరోహణము పలికింపుమని కంప్యూటరును ఆజ్ఞాపించుట ఒక చక్కని అభ్యాసము. సరళీవరుసలు విన్న ఏ బాలికయైనను అందులో ఒక్క స్వరము తప్పినను పోల్చుకొనగలదు. ఇచట చెవియే పరీక్షాధికారి.

ఇక ఈ అభ్యాసమున సామాన్యముగా దొరలు తప్పులను, అవి చెప్పు పాఠములను పరిశీలింపవలెను.

మొదటిది మౌనము. ప్రోగ్రాము అంతయు సిద్ధమైనది, పుట తెరచినంతనే స్వరములు మ్రోగవలెను, కాని నిశ్శబ్దము. ఆజ్ఞలను పదిమారులు చదివినను తప్పు కానరాదు. కారణము ఆజ్ఞలలో లేదు, బ్రౌజరు పెట్టిన నిబంధనలో నున్నది. పుట తెరచినంతనే ప్రకటనలు పెద్దగొంతుతో అరచుట చదువరులకు బాధాకరమైనందున, పుటను చూచువారు ఏదేని మీటను నొక్కినగాని శబ్దము రాకుండునట్లు బ్రౌజర్లు కట్టడి చేసినవి. క్రోమ్ బ్రౌజరులో ఈ కట్టడి 2018లో వచ్చెను. అప్పటికే వ్రాయబడియున్న ఆటలు కొన్ని ఆ కట్టడివలన మూగవోయినవి కూడ. కావున 'పాడుము' అను బొత్తామును పుటపై నుంచి, దానిని నొక్కినప్పుడు నాదము మొదలగునట్లు వ్రాసినచో చిక్కు తీరును. ఇచట విద్యార్థి నేర్చునది బొత్తాము పెట్టుట మాత్రమే కాదు. యంత్రమున కొక యజమానియే గాక ఎదుట కూర్చుండు మరియొక మనుష్యుడును కలడనియు, ఆతని అనుమతి లేనిదే ఆతని చెవిలో శబ్దము చేయుట మర్యాద కాదనియు నేర్చుచున్నాడు.

మౌనమునకు మరియొక కారణము కలదు. తంబుర శ్రుతిని రికార్డు చేసిన ఫైలు పేరు పెద్ద అక్షరముతో మొదలగుచుండగా, ప్రోగ్రాములో చిన్న అక్షరముతో వ్రాయుట తరచు జరుగును. విండోస్ గల ఇంటి కంప్యూటరులో సాధారణముగా ఈ భేదము లెక్కకు రాదు, పాట మ్రోగును. దానినే లినక్స్ గల సర్వరుపై నుంచినప్పుడు ఆ రెండు పేర్లును వేరువేరు ఫైళ్లుగా పరిగణింపబడును, పాట దొరకదు, 404 అను సంఖ్యతో కబురు వచ్చును. తెలుగు లిపిలో పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు అను భేదము లేదు. ఆ లిపిలోనే ఓనమాలు దిద్దిన బాలురకు ఈ తప్పు సులభముగా కానరాకుండుట వింత గాదు. ఇంట మ్రోగినది బయట మ్రోగదేలయని ఆశ్చర్యపడుటకు బదులు, ఇంటికిని బయటికిని గల భేదమేమని ప్రశ్నించువాడు కారణమును పట్టుకొనగలడు.

రెండవ తప్పు లెక్కించుటలో దొరలును. మనుష్యులు ఒకటినుండి లెక్కింతురు. జావాస్క్రిప్టు వరుసలను సున్ననుండి లెక్కించును. ఎనిమిది స్వరముల వరుసలో మొదటిది సున్నవ స్థానమున, కడపటిది ఏడవ స్థానమున నుండును. ఒకటినుండి ఎనిమిదివరకు పలికింపుమని ఆజ్ఞాపించినచో, ఆరంభమున షడ్జమము లోపించును. చివర ఎనిమిదవ స్థానమున ఏమియు లేనందున బ్రౌజరు 'ఇది సంఖ్య కాదు' అను భావముగల కబురు వెలువరించి ఆగిపోవును. రిషభముతో మొదలైన ఆరోహణమును వినగానే, లెక్క యెచట తప్పినదో చెవి చెప్పనే చెప్పినది. ఆ పిదప వచ్చిన కబురు దానికి సాక్ష్యము పలికినది. ఈ రెండింటిని జతపరచుకొన్న విద్యార్థి సున్ననుండి లెక్కింపవలెనను సూత్రమును ఇక మరువడు.

మూడవది కాలమునకు సంబంధించినది. ఎనిమిది స్వరములకు ఎనిమిది ఆసిలేటర్లు కల్పించి, ఒకదాని వెంట నొకటి మొదలుపెట్టుమని వ్రాసితినని విద్యార్థి తలచును. కాని ఎనిమిది స్వరములును ఒక్కసారిగా మీదపడి గరగరమని మ్రోగును. ఏలయన ఆజ్ఞలు ఒకదాని వెంట నొకటి వ్రాయబడినవే గాని, యంత్రము వానిని రెప్పపాటులో ముగించినది. ప్రతి స్వరము ఎప్పుడు మొదలు కావలెనో విడిగా చెప్పవలెను. మొదటిది ఇప్పుడు, రెండవది అర సెకను పిదప, మూడవది ఒక సెకను పిదప అని నిర్ణయించి వ్రాసినచో ఆరోహణము చక్కగా సాగును. అంతేకాదు, ఒక ఆసిలేటరును ఒకసారి మాత్రమే మొదలుపెట్టవచ్చును. అది అగ్గిపుల్ల వంటిది. వెలిగించి ఆర్పిన పిదప మరల వెలిగింపరాదు, క్రొత్తపుల్లను తీయవలెను. బొత్తామును తొలిసారి నొక్కినప్పుడు పాడిన ప్రోగ్రాము రెండవసారి నొక్కినప్పుడు పాడకుండుటకు తరచు ఇదియే హేతువు.

నాలుగవ తప్పు మిక్కిలి విచిత్రమైనది. శ్రుతిని హెచ్చింపవలెనని పుటపై నొక పెట్టెనుంచి, అందులో 240 అని నింపి, దానికి 10 కూడుమని వ్రాసినచో 250 రావలెను. కాని నాదము పూర్తిగా మాయమగును. తప్పు జరిగినదన్న కబురును రాకపోవచ్చును. జరిగినదేమనగా, పెట్టెనుండి వచ్చిన 240 జావాస్క్రిప్టునకు సంఖ్య గాదు; రెండు, నాలుగు, సున్న అను గుర్తుల వరుస మాత్రమే. కూడిక గుర్తు సంఖ్యలను కూడును గాని, గుర్తుల వరుసలను ప్రక్కప్రక్కన అతికించును. కావున 240 ప్రక్కన 10 చేరి 24010 అయినది. మానవుని చెవి సుమారు 20 కంపనములు మొదలు 20,000 కంపనముల వరకే వినగలదు. యంత్రము చెప్పినట్లే చేసినది; కాని అది వినుటకు మనుష్యునకు చెవి చాలదు. పెట్టెలోని దానిని ముందుగా సంఖ్యగా మార్చి పిదప కూడినచో 250 వచ్చును. ఈ ఒక్క తప్పును తానే వెదకి పట్టుకొన్న బాలుడు సంఖ్యకును సంఖ్యను వ్రాయు గుర్తునకును గల భేదమును, శ్రవణశక్తికి గల మేరను ఒక్క సాయంకాలమున నేర్చుకొనును. సిద్ధమైన జవాబును అతికించిన బాలునకు పాట మాత్రము దక్కును.

ఏ కబురును రాని తప్పులును కలవు. స్వరము ముగియుచోట 'టప్' మని చిన్న శబ్దము వచ్చును. యంత్రము దృష్టిలో అది తప్పే కాదు. నాదతరంగము పైకెగసియుండగా దానిని హఠాత్తుగా త్రెంచినందున ఆ శబ్దము పుట్టుచున్నది. ముగియుటకు ముందే తూమును మెల్లగా దించినచో స్వరము మెత్తగా లీనమగును. యంత్రము తృప్తిపడినను చెవి తృప్తిపడనంతవరకు పని ముగియలేదని ఈ చిన్న శబ్దము బోధించును. శిల్పికి తన ఉలి చెక్కిన రాతిని చేతితో తడవి చూచుట ఎట్లో, నాదము వ్రాయువానికి తన ప్రోగ్రామును చెవితో తడవి చూచుట అట్లు.

తప్పును గౌరవించుట నూతనమైన పద్ధతి గాదు. 1947వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 అను యంత్రము సరిగా పనిచేయకపోగా, దానిని పరిశీలించినవారు ఒక రిలేలో చిక్కుకొనిన చిమ్మెటను కనుగొనిరి. వారు దానిని పారవేయలేదు. ఆనాటి దినచర్య పుస్తకములో ఆ చిమ్మెటను అంటించి, ప్రక్కన వివరము వ్రాసిరి. యంత్రదోషమును పురుగు అను అర్థముగల 'బగ్' అను మాటతో పేర్కొనుట ఇంజనీర్లకు అంతకుముందే అలవాటు. నిజమైన పురుగే దొరకుట వారికి నవ్వు పుట్టించి యుండవచ్చును. ఐనను ఆ పుస్తకము నేటికిని భద్రపరుపబడి యున్నది. దొరకిన దోషమును తేదీతో సహా వ్రాసిపెట్టుట పెద్దల అలవాటైనప్పుడు, నేర్చుకొను పిల్లలకది సిగ్గుపడవలసిన పని యెట్లగును?

కావున విద్యార్థి అనుసరింపదగిన మార్గము సులభమైనది. మొదట యంత్రము పంపిన కబురును చదువవలెను. బ్రౌజరులోని కన్సోలు అను భాగమున అది ఎఱ్ఱని అక్షరములతో ఉండును. చాలమంది ఆ ఎరుపును చూచియే భయపడి మూసివేయుదురు. అందు తప్పు స్వభావమును, బయటపడిన పంక్తి సంఖ్యయు నుండును. ఐతే తప్పు బయటపడిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు కావచ్చును. ఊరి చివరి కొళాయికి నీరు రానిచో గొట్టము పగిలినది ఊరి మధ్యనైనను కావచ్చును గదా! అందుచే వెనుకకు నడచుచు వెదకవలెను. ఎనిమిది స్వరములు పలుకనిచో ఒక్క స్వరమును పలికించి చూడవలెను. అదియు పలుకనిచో తూమును తీసివేసి, చెరువునుండి మడికి నేరుగా కాలువ త్రవ్వి చూడవలెను. ప్రతిసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. ఒకేసారి అయిదు మార్పులు చేసినవానికి ప్రోగ్రాము బాగుపడినను, ఏ మార్పువలన బాగుపడినదో తెలియదు. కొందరు చిన్న దోషము కనబడగానే వ్రాసినదంతయు చెరిపి మరల మొదలుపెట్టుదురు. గోటితో పోవుదానికి గొడ్డలి యెత్తుట యన నిదియే.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లును ఇతరులు వ్రాసినది తెచ్చుకొనుచునే యుండగా, పిల్లలను మాత్రము గంటల తరబడి శ్రమపడుమనుట న్యాయమా? ఇప్పుడు ప్రశ్న వేసినంతనే జవాబు వ్రాసి యిచ్చు కృత్రిమ మేధ కూడ చేతికి వచ్చినది. బడిలోని కంప్యూటరు పలువురు పిల్లలకు ఒక్కటియై, ఒక్కొక్కరికి దొరకు సమయము కొద్దియైనచోట ఈ ఆక్షేపణకు మరింత బలము కలదు. ఇది కొట్టివేయదగిన మాట గాదు. అన్నిటిని తానే కనిపెట్టవలెననుట మొండితనమే యగును. అడుగుట తప్పు గాదు. చదువుటకు ముందే అడుగుట తప్పు. తానేమి కోరెనో, ఏమి జరిగెనో, ఏమేమి చేసి చూచెనో మూడు వాక్యములలో కాగితముపై వ్రాసి, పిదప అడుగవలెను. ఆ మూడు వాక్యములు వ్రాయుచుండగనే జవాబు తోచుట పెక్కుమారులు జరుగును. కాగితమునకు కంప్యూటరు వంతు రావలసిన పని లేదు. కావున సమయము చాలదను చిక్కునకు కూడ ఇది కొంత విరుగుడు.

సిద్ధమైన జవాబులు సులభముగా దొరకు కాలమునందే తప్పును చదువు నేర్పు మరింత అవసరము. మనుష్యుడిచ్చిన జవాబైనను, యంత్రమిచ్చిన జవాబైనను సరియైనదో కాదో నిర్ణయించువాడు తుదకు విద్యార్థియే. 240 ప్రక్కన 10 చేరి 24010 అగునని ఎఱుగనివాడు, అట్టి దోషమే గల జవాబు తన చేతికి వచ్చినప్పుడు దానిని గుర్తింపజాలడు. పాట మ్రోగనిచో నష్టము స్వల్పమే. కాని ఆ బాలుడే పెరిగి పెద్దవాడై ఆసుపత్రిలో మందు మోతాదును లెక్కించు ప్రోగ్రామును, బ్యాంకులో రైతు ఖాతాను సరిచూచు ప్రోగ్రామును వ్రాయవచ్చును. అచట గుర్తుల వరుసను సంఖ్యగా పొరబడినచో కలుగు కీడును అనుభవించువాడు వ్రాసినవాడు గాదు, వానిని నమ్మినవాడు. నాదముతో ఆడుకొను వయసున తప్పులను ఓర్పుతో వెదకుట అలవడినచో, ఆ ఓర్పు తరువాత పరులకు రక్షయగును.

కంప్యూటరు కోపపడదు, పరిహసింపదు, విసుగుకొనదు. నూరుమారులు తప్పు చేసినను నూటొకటవ మారు అదే శాంతముతో కబురు చెప్పును. అంతటి ఓర్పుగల గురువు ఎదుట కూర్చుండియు ఆ పలుకులు వినకుండుట విద్యార్థికి తగదు. ఒక తప్పును తానై దిద్దుకొని, మూగవోయిన షడ్జమమును మరల పలికించిన బాలికకు ఆ స్వరము ఎంత తియ్యగా వినవచ్చునో, అతికించిన ప్రోగ్రాముతో పాట మొత్తము మ్రోగించినవానికి తెలియదు.